వాడితే ఒక తప్పు, వాడకపోతే ఒక తప్పు

వంటింటి బల్ల దగ్గర నుంచి,
సోమవారం

వదినగారికి మీ మరదలు రాయునది.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నామని మొదలుపెట్టాలి కాబట్టి అలాగే మొదలుపెట్టాను. ఇక మీరు కంగారుపడకండి. నేను పడుతున్నాను, కుటుంబానికి ఒకరు చాలు.

ఫోన్ చేయమంటారు, చేస్తే వినపడలేదని తిడతారు, అందుకే రాస్తున్నాను. మీ తమ్ముడు తిండి బాగానే తింటున్నారు. పక్షవాతం వచ్చిన వైపు అలాగే ఉంది. మాట ముద్దముద్దగా వస్తుంది గానీ వెటకారం మాత్రం ఎక్కడా తగ్గలేదు, అది మీ పుట్టింటి రక్తం కదా. పక్క రోజూ తడుస్తుంది. అది ఆయన చేతిలో లేదు. వారానికోసారి సర్కారు పంపే నర్సమ్మ మొన్న ఆయన్ని పక్కకి తిప్పి, నడుం దగ్గర ఎర్రబడిందని చూపించింది. పక్క పొడిగా, దుప్పటి శుభ్రంగా ఉండకపోతే అక్కడ పుండు పడుతుందట. పడితే ఇంట్లో ఉంచడం కుదరదని పైవాళ్లకి రాసి, ఆయన్ని ముసలివాళ్ల సంరక్షణ కేంద్రంలో చేర్పిస్తుందట. నవ్వుతూ చెప్పింది. కోపంగా చెప్పేవాళ్లు మర్చిపోతారు వదినా, నవ్వుతూ చెప్పేవాళ్లే చెప్పింది చేస్తారు. నాకు అప్పట్నుంచి కంటి మీద కునుకు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు కొనిపెట్టిన వాషింగ్ మెషిన్ ఆగిపోయింది. గురువారం మధ్యాహ్నం తిరుగుతూ తిరుగుతూ ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. కడుపులో రెండు దుప్పట్లు, నిండా నీళ్లు, తలుపు రాదు. గాజులోంచి అవి నన్ను చూస్తున్నాయి, నేను వాటిని చూస్తున్నాను.

కొట్టుకి వెళ్లాను. కొన్నరోజు మనకి చల్లటి నీళ్లు తెచ్చిచ్చిన టై అబ్బాయే ఉన్నాడు. ఈసారి నీళ్లివ్వలేదు. మంచంపట్టిన మనిషి దుప్పట్లు ఎనిమిది నెలలు రోజూ ఉతికితే ఏ మెషినైనా అరిగిపోతుందమ్మా, ఇది వాడకం వల్ల వచ్చిన అరుగుదల, గ్యారంటీ వర్తించదు అన్నాడు. నేను సరే బాబూ అని వచ్చేశాను. మెట్లు దిగాక గుర్తొచ్చింది, నేను సరే అనడానికి వెళ్లలేదని.

మీ మరదలు


మూసేసిన కొట్టు వెనక గది నుంచి,
గురువారం

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం చదివి నీ శౌర్యానికి ముచ్చటేసింది. పోట్లాటకని వెళ్లి సరే బాబూ అని వచ్చావు. వస్తూ వస్తూ ఇంకో మెషిన్ కొనుక్కు రాలేదు, అదే పదివేలు.

నేను నలభై ఏళ్లు బట్టల కొట్లో గల్లాపెట్టె వెనక కూర్చున్నదాన్ని. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని గోడ మీద ఎర్రరంగుతో రాయించింది నేనే. రంగు వెలిసిన గుడ్డ ఎవరైనా పట్టుకొస్తే, ఎండలో ఆరేశారా అని అడిగేదాన్ని. అవునంటే, ఎండకి వెలవదా మరి అనేదాన్ని. లేదు నీడలో ఆరేశామంటే, నీడలో తడి నిలిచిపోతే వెలవదా మరి అనేదాన్ని. కాబట్టి ఆ టై అబ్బాయి ఏ బళ్లో చదువుకున్నాడో నాకు తెలుసు. ఆ బడికి పునాదిరాయి వేసింది నేనే.

మళ్లీ వెళ్లు. బిల్లు పట్టుకెళ్లు. వాడేమన్నా నోట్లోంచి సరే అనే మాట రాకూడదు. అంతగా ఏదో ఒకటి అనకపోతే ఊపిరాడదనుకుంటే దగ్గు.

ఇకపోతే నా తమ్ముడి దుప్పట్లు. నీ మణికట్టు సంగతి నాకు తెలుసు, చేత్తో ఉతుకుతానని బయల్దేరకు. పొద్దున బస్సు కండక్టరు నా పాత ఖాతాదారు. దుప్పట్లు మూటకట్టి అతని చేతికియ్యి. ఆ రోజు మీకు కొన్నప్పుడే నాకూ ఒక మెషిన్ కొనుక్కున్నాను కదా, ఒంటిదాన్ని, నా రెండు గుడ్డలకి అది బద్ధకంగా పడుంది. ఉతికి, ఆరేసి, సాయంత్రం బస్సుకి పంపిస్తాను. ఉత్తరాలు కూడా మూటలోనే పెట్టు, తపాలా బిళ్లల ఖర్చు తప్పుతుంది.

వాణ్ణి ఎక్కడికీ పంపేది లేదు. ఆ నర్సమ్మకి నవ్వు వస్తే బయటికెళ్లి నవ్వుకోమను.

మీ వదిన


వంటింటి బల్ల దగ్గర నుంచి,
బుధవారం

వదినగారికి,

మూటలో అడుగున ఈ కాగితం పెడుతున్నాను, దుప్పట్లతో పాటు ఉతికేయకండి. మీరు పంపిన రెండు మూటలూ అందాయి. దుప్పట్లు తెల్లగా, పొడిగా ఉన్నాయి. మీ తమ్ముడు వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని, మా అక్క కొట్టు వాసన అన్నారు.

కొట్టుకి మళ్లీ వెళ్లాను. సరే అనలేదు. చాలా దగ్గాను. టై అబ్బాయి మంచినీళ్లు తెచ్చిచ్చాడు, అదొక లాభం. బిల్లు చూపిస్తే, బిల్లు సరేనమ్మా, మెషిన్ వచ్చిన అట్టపెట్టె ఏది, అది లేకపోతే ఫిర్యాదు తీసుకోం అన్నాడు. ఎవరూ దాచరని అతని ధీమా. నేను దాచాను. అట్టపెట్టె, అందులో తెల్లటి థర్మాకోలు, దానికి కట్టిన తాడు, అన్నీ నడవలో ఉన్నాయి, వాటి వల్లే ఆయన చక్రాల కుర్చీ పక్కవాటుగా వెళ్లాలి. ఉంది బాబూ తెమ్మంటావా అంటే ఆ అబ్బాయి మొహం చూడాలి మీరు. అప్పుడు గ్యారంటీ కార్డు చదివి, ఇది కంపెనీ ఇచ్చిందమ్మా, మేం అమ్మడం వరకే, కంపెనీకి ఫోన్ చేసుకోండి అన్నాడు.

చేశాను. ఒక ఆడగొంతు, నా ఫోన్ వాళ్లకి ఎంతో విలువైనదని చెప్పి పాట పెట్టింది. ఎంత విలువైనదో గానీ దాచిపెట్టుకుని ఎవరికీ ఇవ్వలేదు. ఆఖరికి ఒకాయన ఎత్తి, ఎక్కడ కొన్నారో అక్కడ అడగండి అన్నాడు. వీళ్లు వాళ్లని, వాళ్లు వీళ్లని. మధ్యలో నీళ్లలో నానుతున్నవి మన దుప్పట్లు. అవి కుళ్లిన వాసన కూడా మొదలైంది.

మెషిన్‌తో పాటు మీరు కొనిచ్చిన సబ్బుపొడి పెద్ద డబ్బా, మూతదాకా ఉందది. దాన్ని కూడా మూటలో పెట్టాను. ఇక్కడ ఊరికే ఉండటం ఎందుకు, మీ మెషిన్‌లో వేసుకోండి.

నడుం దగ్గర ఎరుపు అలాగే ఉంది. పెరగలేదు. పెరగలేదనే అనుకుంటున్నాను. దీపం పెట్టి చూస్తే ఒకలా, కిటికీ దగ్గర చూస్తే ఒకలా ఉంటుంది.

మీ మరదలు


కొట్టు వెనక గది నుంచి,
శుక్రవారం

మరదలు పిల్లకి,

సబ్బుపొడి అందింది. మూతదాకా ఉందని నువ్వు రాసింది నిజం. అబద్ధం ఆడేటప్పుడు ఇంత నిజాయితీగా ఆడేదాన్ని నిన్నే చూశాను.

ఎనిమిది నెలలు రోజూ దుప్పట్లు ఉతికితే ఆ డబ్బా రెండుసార్లు ఖాళీ అవ్వాలి. అవ్వలేదంటే, ఒకటి నువ్వు సబ్బు లేకుండా ఉతికావు, లేదా మెషిన్ లేకుండా ఉతికావు. నువ్వు నాకు రాసిన ఉత్తరాలన్నీ తీసి చూశాను. మెషిన్ బంగారంలా తిరుగుతోంది వదినా అని ప్రతిదాంట్లోనూ ఉంది. బంగారం తిరగదే పిచ్చిదానా, బీరువాలో ఉంటుంది. నువ్వు నా మెషిన్‌ని అలాగే పెట్టావు. పైన గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద మందుల డబ్బా పెట్టి ఉంటావు. అవునా కాదా?

తిట్టాలని కూర్చున్నాను గానీ ముందు పని చూద్దాం. వాడు అరిగిపోయింది అన్నాడు కదా. అరగనే లేదు కాబట్టి వాడి మాట అక్కడే తేలిపోతుంది. నీ పిరికితనం ఒకందుకు పనికొచ్చింది, రాసి పెట్టుకో. మీ ఊళ్లో వినియోగదారుల సహాయ కేంద్రం అని ఉంటుంది. పాత ఆఫీసుల మేడ మీద, చేరేసరికి మోకాళ్లు పోయేలా పెడతారు, అడిగి కనుక్కుని వెళ్లు. అన్నీ చెప్పు. నాకు చెప్పినట్టు కాదు, నిజం చెప్పు.

మీ వదిన


వంటింటి బల్ల దగ్గర నుంచి,
ఆదివారం

వదినగారికి,

అవును. గుడ్డ కప్పాను. మందుల డబ్బా కాదు, ఆయన రేడియో పెట్టాను.

భయం వేసింది వదినా. మొదటిరోజు నడిపితే దడదడమని అది ఒక్కసారి కదిలింది. నీళ్లు కారి కింది వాటాలోవాళ్ల కప్పు తడిస్తే ఇంటివాళ్లు మమ్మల్ని ఖాళీ చేయిస్తారనుకున్నాను. తలుపు దానంతటదే గడియ వేసుకోవడం ఒకటి. మనం వేయని గడియ మనం తీయగలమా. అయినా మీరు అంత ముచ్చటపడి కొన్నది రోజూ వాడి పాడుచేయడం దేనికి, చెయ్యి ఉన్నన్నాళ్లు చెయ్యి చాలనుకున్నాను. మీరు బాధపడతారని తిరుగుతోందని రాశాను. పోయిన నెల మణికట్టు వాచి గ్లాసు కూడా నిలవకపోతే, అప్పుడు భయపడుతూనే గుడ్డ తీశాను. ఇలా నాలుగు రోజులు వాడానో లేదో అలా మూలిగింది.

సహాయ కేంద్రానికి వెళ్లాను. మీరన్నట్టే మేడ మీద. కళ్లజోడు తాడుకి వేలాడేసుకున్న ఒకావిడ ఉంది. నేను చెప్తున్నంతసేపూ రాసుకుంది, నేనే ముద్దాయినన్నట్టు అనిపించింది. తర్వాత ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. అమ్మినవాడే జవాబుదారీ, కంపెనీ మీదకి నెట్టకూడదు. గ్యారంటీ కార్డు చట్టానికి పైన ఇచ్చే తాయిలం, చట్టానికి బదులు కాదు. అట్టపెట్టె అడగటానికి వాళ్లకి హక్కే లేదు. (ఇది విని నాకు కడుపు రగిలింది, నడవంతా ఆ పెట్టే కదా.) ఏడాదిలోపు పాడైతే కొన్నప్పుడే లోపం ఉందని లెక్క, లేదని చూపించాల్సింది వాళ్లు, నేను కాదు. ముందు ఉచితంగా బాగుచేయాలి. అది నిలవకపోతే కొత్తదో, డబ్బు వాపసో, ఏది కావాలో నా ఇష్టం. నా ఇష్టం అని ఆవిడ రెండుసార్లు చెప్పింది. నేను మూడోసారి అడిగాను.

ఆవిడ ఫోన్ చేశాక కొట్టువాళ్లు మెకానిక్‌ని పంపారు. అతను మెషిన్‌కి వైరు తగిలించి చూసి, ఎన్నిసార్లు తిరిగిందో లోపలే నమోదవుతుందమ్మా, ఇది పట్టుమని పది పదిహేనుసార్లు కూడా తిరగలేదు అన్నాడు. నేను మురిసిపోయి కొట్టుకి పరిగెత్తాను. ఈసారి టై అబ్బాయి కాదు, మేనేజరే వచ్చాడు. కాగితం చూసి, తల ఊపి, అదేనమ్మా కారణం, ఇన్ని నెలలు వాడకుండా ఉంచితే లోపలి రబ్బర్లు గట్టిపడి పాడవుతాయి, ఇది వాడకపోవడం వల్ల వచ్చిన నష్టం, గ్యారంటీ వర్తించదు అన్నాడు.

వాడితే వాడినందుకు పాడైందట. వాడకపోతే వాడనందుకు పాడైందట. మరి ఎలా ఉంచుకోవాలి వదినా దాన్ని, వాడీ వాడనట్టు పక్కనే నిలబడి ఊపుతూ ఉండాలా?

మీ మరదలు


కొట్టు వెనక గది నుంచి,
మంగళవారం

మరదలు పిల్లకి,

ఎండలో ఆరేస్తే ఎండ, నీడలో ఆరేస్తే నీడ. చెప్పానా లేదా. ఆ మేనేజరు నా శిష్యుడు కాకపోతే నా శిష్యుడికి శిష్యుడు.

నీ సహాయ కేంద్రం ఆవిడ మాటలు పదిసార్లు చదువుకున్నాను. అంటే నేను గోడ మీద రాయించిన ఎర్రబోర్డు చెల్లదన్నమాట. లోపమున్న సరుకుకి అది పనికిరాదన్నమాట. ఇంతకాలం జనం ఆ బోర్డు చూసి నోరు మూసుకుని వెళ్లారు. నాలాంటి వాళ్ల వ్యాపారమంతా నీలాంటి వాళ్ల సరే బాబూ మీద నడిచింది తల్లీ. నేనేమో బోర్డు మీద ఎర్రరంగు బాగా కుదిరింది, దాని పుణ్యమే అనుకున్నాను.

కాబట్టి నువ్వు సరే అనకపోతే వాళ్ల దగ్గర ఇంకేం లేదు, దొంగల గుట్టు తెలిసినదాన్ని చెబుతున్నాను. కాగితం మీద పెట్టు. కొన్నరోజు, ఆగినరోజు, కొట్టువాళ్లు చెప్పిన రెండు కారణాలూ పక్కపక్కన రాయి. వాటికి వ్యాఖ్యానం అక్కర్లేదు, పక్కపక్కన ఉంటే అవే ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. ఒక ప్రతి వాళ్లకి, ఒకటి ఆ కళ్లజోడు ఆవిడకి. తీసుకున్నట్టు సంతకం పెట్టించు.

ఈసారి దుప్పట్లు రెండు ఆలస్యమయ్యాయి. ఇక్కడ వాన. అంతే.

మీ వదిన


వంటింటి బల్ల దగ్గర నుంచి,
శనివారం

వదినా,

ముందు జరిగింది రాసి తర్వాత మీ సంగతి చూస్తాను.

కాగితం ఇచ్చాక వచ్చి బాగుచేశారు. మెకానిక్ ఏదో మోటారు మార్చాడు. నిన్న దాన్ని నడిపాను, సరిగ్గా నర్సమ్మ వచ్చే వేళకి, ఆవిడ కళ్లారా చూడాలని. చూసింది. ఆవిడ గుమ్మంలో ఉండగానే అది మళ్లీ మూలిగింది. ఈసారి కింద మూతలోంచి నీళ్లు కూడా వచ్చాయి. నేను బట్టలతో తుడుస్తుంటే ఆవిడ ఆయన నడుం చూసింది. పుండు పడలేదు గానీ చర్మం పల్చబడింది. ఇంకో వారం చూస్తానండీ, ఈ ఇంట్లో వీలుకాదనిపిస్తే రాయక తప్పదు అంది. ఈసారి నవ్వలేదు. నవ్వితేనే బాగుండేది.

ఆవిడ వెళ్లాక మీ మూట వచ్చింది. కండక్టరు మూటిస్తూ, మీ వదినగారి వేళ్లకి ఆ గుడ్డకట్లు ఏమిటమ్మా, మూట ఎత్తడానికే అవస్థపడుతున్నారు అన్నాడు. నేను మెట్ల మీదే మూట విప్పాను. దుప్పట్ల కొసలన్నీ తాడులా మెలితిరిగిన గుర్తులు. మెషిన్ పిండితే గుడ్డ ముద్దలా నలుగుతుంది, మెలి తిరగదు. ఎనిమిది నెలలు చేత్తో పిండినదాన్ని, నాకు తెలియదా వదినా. నన్ను చేత్తో ఉతకొద్దని రాసి, నాకంటే పెద్దవారు మీరు, కూర్చుని ఉతుకుతున్నారు.

అప్పుడు నాకేమైందో తెలీదు. కింద మూత తీసి నీళ్లు వదిలితే తలుపు వస్తుందని మెకానిక్ చెప్పి ఉన్నాడు. మెషిన్‌లోంచి తడి దుప్పటి లాగి, బకెట్లో వేసుకుని కొట్టుకి వెళ్లాను. దారంతా కారుతూనే ఉంది. కొట్లో ఒక జంట మెషిన్ కొనడానికి బల్ల దగ్గర సంతకం పెట్టబోతున్నారు. నేను ఆ పక్కనే మెరుస్తున్న పెద్ద ఫ్రిజ్ మీద దుప్పటి పరిచాను. టై అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. అమ్మా ఇదేంటి అన్నాడు.

"ఇది వాడిన దుప్పటో వాడని దుప్పటో నువ్వే తేల్చు బాబూ," అన్నాను. "మీ మెషిన్ పిండలేదు కదా, ఆరేదాకా ఇక్కడే ఉంటుంది."

ఆ జంటలో ఆడపిల్ల కలం కింద పెట్టేసి, ఏమైంది అమ్మమ్మా అని నన్నడిగింది. నేను చెప్పాను. మెల్లగానే చెప్పాను, నా గొంతు పెద్దది కాదు, కానీ నీళ్లు బొట్లు బొట్లుగా పడుతుంటే అందరూ దగ్గరికొచ్చి విన్నారు. సహాయ కేంద్రం మాటకి మెత్తబడని మేనేజరు ఆ కలం కింద పెట్టడం చూసి లోపల్నుంచి కదిలొచ్చాడు. ఇంకోసారి బాగుచేయిస్తామమ్మా అన్నాడు.

"ఒకసారి అయింది. ఇప్పుడు నా ఇష్టం," అన్నాను. "నా ఇష్టం కొత్తది."

రాసిచ్చేదాకా బకెట్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. బుధవారానికి పంపుతామని రాసిచ్చాడు.

ఇప్పుడు మీరు చెప్పండి. మీ మెషిన్ ఎక్కడుంది?

మీ మరదలు


కొట్టు వెనక గది నుంచి,
సోమవారం

మరదలు పిల్లకి,

ఏది, నువ్వేనా? ఆ ఫ్రిజ్‌ని తుడిచి వచ్చి ఉంటావు, అది కూడా రాయి.

నా మెషిన్ కొట్లోనే ఉంది, ఇంకా ఎవరూ కొనలేదనుకుంటాను. రెండు కొందామని వెళ్లాం, నువ్వు చల్లటి నీళ్లు తాగుతుండగా నేను గల్లా దగ్గరికెళ్లి ఒకటే కొన్నాను. ఒంటరి ముసలిదాని రెండు గుడ్డలకి మెషిన్ దేనికి అనిపించింది. నీకు కొన్నానని చెప్పాను, నాకు కొన్నానని కూడా చెప్పాను. ఉన్న మెషిన్‌ని నువ్వు వాడలేదు, లేని మెషిన్‌ని నేను రోజూ వాడాను. మనిద్దరిలో తెలివైనది ఎవరో నా తమ్ముణ్ణి అడుగు.

నిజం చెబితే నువ్వు మూటలు పంపేదానివా? ఆ వాచిన చేత్తో నువ్వే ఉతికి, చెయ్యి పడిపోయి, వాణ్ణి ఆ కేంద్రానికి పంపించేదానివి. మా అమ్మ పొలం పనికి పోతే వాడి పక్కబట్టలు ఉతికింది నేనే. అప్పుడూ వాడు రోజూ తడిపేవాడు. మధ్యలో అరవై ఏళ్లు ఏదో మానేశాడు, అంతే.

వేళ్లు తగ్గుతాయి. బుధవారం మెషిన్ రాకపోతే రెండో దుప్పటి పట్టుకెళ్లు.

మీ వదిన


వంటింటి బల్ల దగ్గర నుంచి,
శుక్రవారం

వదినగారికి,

ఫ్రిజ్ తుడిచాను. నా కొంగుతోనే.

కొత్త మెషిన్ బుధవారం మధ్యాహ్నం వచ్చింది. పాతది వాళ్లే దింపుకుని పోయారు. పోతుంటే ఒక్క క్షణం బాధేసింది, వాడకుండా చూసుకున్న వస్తువు కదా. మెకానిక్ కొత్తదాన్ని చదునుగా నిలబెట్టి, కాళ్లు బిగించి, నా చేతే బటన్ నొక్కించాడు. గుడ్డ కప్పలేదు. అదే రోజు రెండుసార్లు, నిన్న రెండుసార్లు వేశాను. ఇవాళ నర్సమ్మ వచ్చింది. పక్క ముట్టుకుని చూసింది, దిండు కింద చెయ్యి పెట్టి చూసింది, ఆయన్ని తిప్పి నడుం చూసింది. చర్మం గట్టిపడుతోందట. పైవాళ్లకి ఏమీ రాయను, ఇంట్లోనే ఉండనివ్వండి అంది. నేను ఆవిడకి టీ పెట్టబోయి కప్పు పగలగొట్టాను.

మీరు ఇక ఉతకకండి. వేళ్ల కట్లు పొడిగా ఉంచుకోండి. మీవి ఉతికేవి ఏమైనా ఉంటే పంపండి అని మీ తమ్ముడు చెప్పమన్నారు, మెషిన్ ఆయనే తిప్పుతున్నట్టు.

నాకు ఇప్పుడు కొత్త కంగారు. ఇది ఆగకుండా తిరుగుతోంది. ఆగితే ఎలా అని ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటున్నాను, గాజులోంచి దుప్పట్లు తిరగడం చూస్తూ. మొదటినుంచి చివరిదాకా కళ్లు తిప్పకుండా. ఇవాళ కూడా అలాగే కూర్చుంటే, మీ తమ్ముడు మంచం మీంచి పిలిచారు. ఏం కావాలో, పక్క తడిసిందేమోనని లేచాను. తడవలేదు.

"అది పారిపోదు," అన్నారు. ముద్దగానే అన్నారు గానీ నాకు ప్రతి అక్షరం తెలిసింది. "నేనూ పోవట్లేదు. ఇలా వచ్చి కూర్చో."

ఇంత మధ్యాహ్నం పూట ఆయన పక్కన ఊరికే కూర్చుని ఎన్నేళ్లయిందో గుర్తులేదు. గోడవతల అది తిరుగుతూనే ఉంది. నేను వెళ్లి చూడలేదు.

మీ మరదలు